నూతిలోకి తొంగి చూసే కెమెరా

నమస్కారమండీ. వెనకాల వినబడుతున్న చప్పుడు వానది, ఏమనుకోకండి. రాజోలు దగ్గర మా ఇంటి వసారాలో కూర్చున్నాను, పైన రేకులు. తగ్గితే మొదలెడదామని పొద్దుటి నుంచి చూసీ చూసీ, ఇది తగ్గే రకం కాదని తేలాక ఆన్ చేసేశాను. అయినా ఇవాళ చెప్పే సంగతికి ఈ వాన ఉంటేనే బావుంటుంది. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఇదిగో, ఇదీ సంగతి. మా మామ్మ దీన్ని రెండు కళ్ళ పెట్టె అంటుంది. అసలు పేరు ట్విన్ లెన్స్ రిఫ్లెక్స్, పొట్టిగా టీఎల్ఆర్. పోయిన వీడియోలో ఇది నా మెళ్ళో చూసి చాలామంది అడిగారు. ఇదేం కెమెరా, ఎంతలో వస్తుంది, కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఏది కొనుక్కోవాలి అని. విడివిడిగా జవాబులు రాయడం నా వల్ల కాలేదు, అందుకని ఇలా కూర్చున్నాను.

మా పెరట్లో ఇంకా నుయ్యి ఉందండి. చిన్నప్పుడు గట్టు మీద బోర్లా పడుకుని లోపలికి చూసేవాణ్ణి. చుట్టూ చీకటి, అడుగున ఆకాశం ముక్క, అందులో కొబ్బరి మట్టలు ఊగుతూ ఉండేవి. ఈ కెమెరా పై మూత లేపి చూస్తే అచ్చం అదే. నాలుగు వైపులా నల్ల గోడలు, అడుగున మెరుస్తూ ఒక చదరం, అందులో ఎదురుగా ఉన్న మనిషి. మొదటిసారి ఎవరు చూసినా ఒక్క క్షణం మాట రాదు. ఫోను తెర మీద రోజూ చూసే బొమ్మే కదా అనుకుంటాం. దీని తీరు వేరు.

లోపల జరిగేది చాలా సాదా. పైన ఉన్న లెన్సు చూడ్డానికి, కింద ఉన్నది ఫోటో తీయడానికి. పై లెన్సు వెనక ఏటవాలుగా, 45 డిగ్రీల్లో ఒక అద్దం ఉంటుంది. అది బొమ్మని పైనున్న గరుకు గాజు మీదకి పంపిస్తుంది. కింది లెన్సు లోపలే షట్టరు, అంటే వెలుగుని క్షణంసేపు వదిలే తలుపు, దాని వెనక రీలు. రెండు లెన్సులూ కలిసి ముందుకీ వెనక్కీ కదులుతాయి కాబట్టి పైన ఫోకస్ కుదిరితే కిందా కుదిరినట్టే. చూడ్డానికీ తీయడానికీ ఒకే లెన్సుండే మామూలు ఎస్ఎల్ఆర్ కెమెరాలో నొక్కగానే అద్దం లేచి కొడుతుంది, ఆ క్షణం మనకి చీకటే. ఇందులో అద్దం కదలదు. చిన్నగా టిక్ మంటుంది, అంతే. నొక్కిన క్షణంలో కూడా ఎదుటివాళ్ళ మొహం కనబడుతూనే ఉంటుంది, రెప్ప వేశారో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఒక్క తిరకాసు ఉంది. అద్దం ఒకటే కాబట్టి కుడి ఎడమలు తారుమారు. నా మొదటి రీలు సఖినేటిపల్లి రేవులో తీశాను. నర్సాపురం నుంచి గోదారి దాటించే పంటు వస్తోంది, మోటారు సైకిళ్ళు, కొబ్బరి బొండాల బస్తాలు, ఓ పెళ్ళి బృందం. గాజు మీద పంటు ఎడమకి జరుగుతుంటే కెమెరాని ఎడమకి తిప్పాను. పంటు ఇంకా వేగంగా చదరం బయటికి పోయింది. మళ్ళీ తిప్పాను, ఇంకా పోయింది. ఆ గందరగోళంలో నాకు దక్కిందల్లా గోదారి నీళ్ళూ ఒక మూల పంటు తోకా. పక్కనే టీ తాగుతున్న పెద్దాయన చాలాసేపు చూసి, "ఏం బాబూ, పూనకం వచ్చిందా?" అన్నారు. రెండు రీళ్ళు అయ్యేసరికి చెయ్యి దానంతటదే అలవాటు పడుతుంది లెండి. అప్పటిదాకా నిలబడ్డ వాటినే తీయండి. గుడి, చెట్టు, మామ్మ.

దీని పుట్టుక కొంచెం చెప్పి ముందుకెళ్తాను. జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ ఊళ్ళో ఫ్రాంకే, హైడెకే అనే ఇద్దరి కంపెనీ 1929లో రోలీఫ్లెక్స్ తెచ్చింది. అంతకుముందు కూడా రెండు లెన్సుల కెమెరాలు ఉండేవి కానీ మోయలేనంత. దీన్ని చేతిలో పట్టేలా చేసింది వీళ్ళే. మన దేశపు మొదటి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్ హొమాయ్ వ్యారావాలా గారు వాడిన కెమెరాల్లో రోలీఫ్లెక్స్ ఒకటి. ధర అప్పుడూ ఎక్కువే, ఇప్పుడూ ఎక్కువే. అందుకే 1933లో వాళ్ళే కాస్త తక్కువ హంగులతో రోలీకార్డ్ తీశారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జపాన్ వాళ్ళు ఇదే పద్ధతి పట్టుకుని వరసబెట్టి కెమెరాలు చేశారు. మన స్టూడియోల్లోకి వచ్చింది ఎక్కువగా ఆ జపాన్ సరుకే. పాలకొల్లు, భీమవరం, అమలాపురం, ఏ ఊళ్ళోనైనా పాత స్టూడియో ఆయన్ని కదపండి, యాషికా అన్న మాట రాకుండా ఉండదు.

సరే, అసలు ప్రశ్న. ఏది కొనాలి? నా మాట వింటే, మన డెల్టాలో పేరు చూసి కొనకండి, గాజు చూసి కొనండి. వాన సంగతి ఇక్కడికొస్తుంది.

మన దగ్గర గాలిలోనే నీళ్ళుంటాయి కదండీ. జూన్ నుంచి నవంబరు దాకా ఉప్పు డబ్బాలో ఉప్పు నీరవుతుంది, అప్పడాలు మెత్తబడతాయి, బీరువాలో పట్టు చీర వాసనొస్తుంది. అదే చెమ్మ లెన్సులోకి వెళ్ళి ఫంగస్ పడుతుంది. గాలిలో తేమ 60, 70 శాతం దాటి నెలల తరబడి ఉంటే, చీకటీ తోడైతే, బూజుకి అంతకంటే ఏం కావాలి. మొదట ఒక చుక్క, తర్వాత సన్నటి పోగులు, ఆ తర్వాత సాలెగూడు. ముందుగా పడితే విప్పి తుడిస్తే పోతుంది. ముదిరితే గాజు మీది పూతనే తినేస్తుంది, ఎంత తుడిచినా మచ్చ మచ్చే.

నేను మొదట ఆన్‌లైన్లో కొన్న యాషికా మ్యాట్ ఫోటోల్లో పెళ్ళికూతురిలా ఉంది. తోలు మెరుస్తోంది, నికెలు మెరుస్తోంది. ఇంటికొచ్చాక టార్చి వేసి చూస్తే కింది లెన్సు లోపల సగం సాలెగూడు. అమ్మినాయన్ని అడిగితే, పాత వస్తువండీ ఆ మాత్రం ఉంటుంది అన్నాడు. అది నాకు మొదటి దెబ్బ. రెండోదానికి మాత్రం ఎవర్నీ అనలేను. శుభ్రంగా ఉన్న కెమెరాని దాని తోలు కేసులోనే పెట్టి, ఆ కేసుని అల్మారా అడుగున పెట్టి, ఒక వర్షాకాలం మర్చిపోయాను. తోలు చెమ్మ పీల్చుకుని పట్టి ఉంచుతుంది, లోపల కెమెరాకి ఆవిరి కుడుము వైభోగం. దసరాకి తీసేసరికి రెండు లెన్సులూ పోయాయి. పాత కేసు అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. షోకేసులో విడిగా పెట్టుకోండి, కెమెరాని మాత్రం అందులో పడుకోబెట్టకండి.

పాలకొల్లులో ఒక స్టూడియో బాబాయ్ గారున్నారు, ఇప్పుడు స్టూడియో లేదు, ఆయనున్నారు. మరి మీ రోజుల్లో ఏం చేసేవారు బాబాయ్ గారూ అంటే నవ్వి, "బీరువాలో జీరో బల్బు వేలాడదీసేవాళ్ళం నాయనా, రాత్రీ పగలూ వెలిగేది. మా ఆవిడ ఇంట్లో దీపం పెట్టకపోయినా ఊరుకునేవాణ్ణి గానీ ఆ బల్బు ఆరితే ఊరుకునేవాణ్ణి కాదు" అన్నారు. ఆ కొద్దిపాటి వేడికి అర పొడిగా ఉండేది. ఇప్పుడు జీరో బల్బు బదులు మనకి గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలున్నాయి. అందులో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు. ముల్లు 40, 50 మధ్య ఉంటే నిశ్చింత. రంగు మారే రకం సిలికా జెల్ చెమ్మ పీల్చి నీలం నుంచి గులాబీకి తిరుగుతుంది. బాణలిలో సన్న సెగ మీద వేడి చేస్తే మళ్ళీ నీలం. ఆ బాణలి మళ్ళీ కూరకి వాడకండి, విడిగా ఒకటి పెట్టుకోండి. అందుకే నేను ఎవరికైనా ముందు డబ్బా కొనమంటాను, తర్వాత కెమెరా.

ఇక కెమెరాలు. ఇదిగో, ఈ చేతిలో ఉన్నది యాషికా డి. మీ చేతిలో డబ్బు తక్కువైతే నా ఓటు దీనికే. పక్కన గుండ్రటి బిరడా తిప్పి రీలు జరపాలి, షట్టరు మీట విడిగా లాగి బిగించాలి. రెండు పనులు. పెళ్ళిళ్ళు తీసేవాళ్ళకి విసుగు, మనకి ఇబ్బంది లేదు. షట్టరు ఒక సెకను నుంచి 1/500 దాకా. వీటిలో ముందు వచ్చినవాటికి యాషికార్ అని మూడు గాజుల లెన్సు, తర్వాత వచ్చినవాటికి యాషినాన్ అని నాలుగు గాజులది. నాలుగు గాజులదే మేలని అందరూ దాని వెంట పడతారు. ఎఫ్ అంటే లెన్సు కన్ను ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, అంకె చిన్నదైతే కన్ను పెద్దది. ఎఫ్ 8లో తీసిన రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి ఏది ఏదో చెప్పమంటే నేను చెప్పలేను. 3.5లో మాత్రం యాషికార్‌కి మూలలు కాస్త మెత్తగా వస్తాయి. మనిషి బొమ్మకి అది కూడా అందమే అనిపిస్తుంది నాకు.

యాషికా మ్యాట్‌కి పక్కన పిడి ఉంటుంది, ఒక్కసారి తిప్పితే రీలు జరుగుతుంది, షట్టరూ బిగుస్తుంది. ఈ వరసలో ఆఖరిది మ్యాట్ 124జి, 1970లో వచ్చి 1986 దాకా నడిచింది. జి అంటే గోల్డు, లోపల వెలుగు కొలిచే మీటరు తీగల కొసలకి బంగారు పూత. ఆ ఒక్క అక్షరానికి జనం ఎక్కువ పోస్తారు. మీటరు కోసం అయితే వద్దండీ. అది పాదరసం బ్యాటరీకి లెక్క కట్టిన మీటరు, ఆ బ్యాటరీలు ఇప్పుడు రావు. చెవిటి మిషన్లో వేసే 675 జింకు బ్యాటరీ పెడితే దగ్గరగా పనిచేస్తుంది, అది కూడా మీటరు బతికుంటే. చాలావాటిలో బతికి లేదు. మీటరు లేని మామూలు మ్యాట్ శుభ్రంగా దొరికితే అది తీసుకుని మిగిలిన డబ్బుకి రీళ్ళు కొనుక్కోండి.

మినోల్టా ఆటోకార్డ్ లెన్సు నాకు వీటన్నిటికంటే ఇష్టం, రోక్కోర్ 75 మిల్లీమీటర్లు. అయితే దాని ప్రాణం కింద ఉన్న ఫోకస్ మీటలో ఉంది. లోపలి గ్రీజు గట్టిపడ్డాక బలంగా తోస్తే ఆ మీట పుటుక్కుమంటుంది. కొనేముందు వేలితో నెమ్మదిగా తోయండి, బిగుతుగా ఉంటే అక్కడే పెట్టేసి వచ్చేయండి. రోలీకార్డ్ బాగున్నది సరసమైన ధరకి దొరికితే ఆలోచించక్కర్లేదు. మామియా సి330 గొప్ప కెమెరా, లెన్సులు కూడా మార్చుకోవచ్చు, బరువు ఒకటిన్నర కిలో పైమాట. లంకల్లో నడిచి తిరిగేవాళ్ళకి నేను చెప్పను. షాంఘైలో చేసిన సీగల్‌లు చవకే. ఒకటి బాగుంటే ఒకటి బాగోదు, చేతిలో పట్టి చూడకుండా డబ్బివ్వకండి.

అన్నిటికంటే చవక లూబిటెల్. అప్పటి లెనిన్‌గ్రాడ్‌లో లోమో వాళ్ళు చేసింది. ఒళ్ళంతా ప్లాస్టిక్కే, బొమ్మలాగా ఉంటుంది, షట్టరు 1/250 దాకానే. పై కిటికీ అంతా తళతళలాడుతుంది కానీ ఫోకస్ కనబడేది నడిమధ్య చిన్న వృత్తంలోనే. చూపు మందగించినవాళ్ళకి కష్టం. ఇందులో రీలు జరపడం మర్చిపోయి మళ్ళీ నొక్కినా అది అడ్డు చెప్పదు. మా ఇంట్లో మామ్మ మొహం మీంచి ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు పోతున్న ఫోటో ఒకటుంది. కావాలని తీశానని అందరికీ చెప్పుకుంటున్నాను.

అన్నట్టు, అటక మీద మా తాతగారి కెమెరా దొరికిందండీ అని ఫోటోలు పంపుతున్నారు కొందరు. అందులో చాలావరకు ఆగ్ఫా క్లిక్ 3. బరోడాలో తయారైంది, పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో ఊరూరా తిరిగింది. అదీ వీటిలో వేసే 120 అనే వెడల్పాటి రీలే, చదరం ఫోటోనే, కానీ లెన్సు ఒకటే. టీఎల్ఆర్ కాదు. పారేయకండి, దాంతోనూ ఫోటోలొస్తాయి.

కొనేటప్పుడు నేను చేసేది చెప్తాను. వెనక తలుపు తెరుస్తాను, షట్టరుని బి మీద (నొక్కినంతసేపూ తెరుచుకునే ఉంటుంది) పెట్టి నొక్కి పట్టుకుంటాను, ముందు నుంచి టార్చి వేసి వెనక నుంచి ఏటవాలుగా చూస్తాను. దుమ్ము ఫరవాలేదు. పోగులు కనబడితే బేరం మానేస్తాను. ఆ తర్వాత చెవి. ఒక సెకను మీద పెట్టి నొక్కితే లోపల సన్నగా గిర్రుమని తిరిగి ఆగాలి. మధ్యలో నసిగిందంటే లోపల నూనె జిగురైపోయిందని అర్థం. ఎక్కువ వేగాలు బాగుంటే ఎండలో పని నడుస్తుంది, కానీ బేరంలో ఆ సంగతి ఎత్తి చూపించండి. షట్టరు పక్కన ఎం, ఎక్స్, వి అని మూడక్షరాలు ఉంటే ఎక్స్ మీద ఉంచండి. ఎం, ఎక్స్ ఫ్లాష్ కోసం, వి అంటే సెల్ఫ్ టైమరు. పాత వాటిలో అది సగంలో ఇరుక్కుందంటే షట్టరు మొత్తం ఆగిపోతుంది. సరదాకి కూడా దాని జోలికి పోకండి. పై గాజు మసగ్గా ఉంటే కంగారు పడక్కర్లేదు, తరచుగా అది లోపలి అద్దం మీది దుమ్మే. ఆ అద్దానికి పూత పైనే ఉంటుంది, గుడ్డతో రుద్దితే ఊడొచ్చేస్తుంది. ఊదండి చాలు.

ఇక ఖర్చు దగ్గర దాపరికం లేదు. ఈమధ్య నేను కొన్న బ్లాక్ అండ్ వైట్ రీలు వెయ్యికి కాస్త అటూ ఇటూ పడింది. ఒక రీలుకి 12 ఫోటోలు. అంటే నొక్కినప్పుడల్లా ఎనభై రూపాయల పైన. మా తమ్ముడు రోజుకి యాభై రీల్స్ చూస్తాడు, నేను నెలకి ఒక్క రీలు వేస్తాను, ఇద్దరికీ ఇంట్లో తిట్లు సమానమే. ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళ ఇందు రీళ్ళు దొరికే రోజుల గురించి బాబాయ్ గారు చెబుతుంటే కడుపు మండుతుంది. అయితే ఇచ్చిన డబ్బుకి నెగెటివ్ పెద్దది. ఒక్కో చదరం 56 మిల్లీమీటర్లకి 56. మామూలు 35 ఎంఎం నెగెటివ్‌కి మూడున్నర రెట్ల పైన. చవక లెన్సయినా పెద్ద ప్రింటు తట్టుకోవడానికి కారణం అదే.

మీటరు లేదని భయపడకండి. నిండు ఎండలో ఎఫ్ 16 పెట్టి, రీలు మీద ఎంత ఐఎస్ఓ (రీలు వెలుగుకి ఎంత చురుకో చెప్పే అంకె) ఉంటే షట్టరు దానికి దగ్గరగా పెట్టడం పాత సూత్రం. 100 రీలుకి 1/125. మన ఇసుక తిన్నెల మీద, అంతర్వేది సముద్రం ఒడ్డున ఇంకో మెట్టు తగ్గించి 22 పెట్టినా తప్పులేదు, నీళ్ళూ ఇసుకా కలిసి అంత వెలుగు తిరగకొడతాయి. కొబ్బరి తోటలోకి వస్తే వేరే లెక్క. నీడలో ఎఫ్ 4 నుంచి 5.6 మధ్య, కానీ ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు మొహం మీద పడితే మనిషికి బొల్లి వచ్చినట్టుంటుంది. ఆవిణ్ణో ఆయన్నో వసారా అంచుకి రమ్మనండి. 400 రీలు ఇక్కడి ఎండకి ఎక్కువ. లూబిటెల్ లాంటి వాటిలో అయితే 22కి మూయాల్సిందే.

కడగడం. మనం ఫోటోలు కడిగించడం అంటాం చూడండి, ఇంట్లో చేసుకుంటే ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది. పట్నాలకి పంపితే కొరియరు ఖర్చు, ఎదురుచూపు. అందుకని బ్లాక్ అండ్ వైట్ నేనే కడుగుతాను. డెవలపర్ అంటే రీలు మీద బొమ్మని బయటికి తెచ్చే మందు, దాని లెక్కలన్నీ 20 డిగ్రీలకి రాసినవి. మే నెలలో మా ట్యాంకు నీళ్ళు వేలు పెడితే కాలేలా ఉంటాయి. ఆ నీళ్ళతో చేస్తే డెవలపర్ మన చేతికి ఆగదు, ఫిల్మ్ మీది పొర కూడా మెత్తబడుతుంది. అందుకని పెద్ద బేసిన్లో ఐసు వేసి అందులో సీసాలు నిలబెడతాను. ఐసు డెవలపర్లో కాదండోయ్, బయట. బొమ్మని చెరిగిపోకుండా నిలబెట్టే హైపో, కడుగుడు నీళ్ళు కూడా దాదాపు అదే చల్లదనంలో ఉండాలి.

వర్షాకాలం వచ్చిందంటే ఇంకో తంటా. ఎగువన వానలు పడి గోదారికి ఎర్రనీరు వచ్చాక కాలవ నీళ్ళు కూడా ఎర్రబడతాయి. ఆ మట్టి ఎంత సన్నదంటే గుడ్డలో వడగట్టినా పోదు, తడి ఫిల్మ్ మీద కూర్చుని ఆరాక ఇసుక చల్లినట్టు కనబడుతుంది. ఆఖరి కడుగుడు తాగే ఫిల్టరు నీళ్ళతోనే. ఆరేయడానికి బాత్‌రూమే మంచిది. కాసేపు షవరు తిప్పి దుమ్ము అణిగాక వేలాడదీసి, తలుపేసి, లైటు ఆర్పేసి వచ్చేయండి. లైటు వదిలేస్తే దీపం పురుగులొచ్చి ఆ తడి మీద అంటుకుంటాయి. నా దగ్గర ఒక నెగెటివ్‌లో పాపికొండల మీద విమానమంత పురుగుంది.

ఇన్ని తిప్పలు పడి ఎందుకు అంటారా. నా మటుకు నాకు మనుషుల కోసం. ఫోను ఎత్తగానే జనం సర్దుకుంటారు, లేదా మొహం తిప్పుకుంటారు. పెద్ద కెమెరా కంటికి పెడితే ఏ ఛానెల్ బాబూ అంటారు. ఇది పొట్ట దగ్గర ఉంటుంది, నా తల కిందకి ఉంటుంది, నా కళ్ళు వాళ్ళ మీద ఉండవు. కడియం నర్సరీల్లో మొక్కలకి మట్టి ముద్దలు కట్టే ఆడవాళ్ళ దగ్గర గంట కూర్చున్నాను. మొదట ఒకావిడ వచ్చి, "ఏముందయ్యా అందులో, అలా చూస్తన్నావ్?" అంది. మీరే చూడండి అని ఇచ్చాను. వంగి చూసి, "ఓలమ్మో, మన రత్తాలు ఇందులో ఉందే!" అని కేకేసింది. తర్వాత అందరూ వరసగా వచ్చి చూసి వెళ్ళి, మళ్ళీ పనిలో పడ్డారు. ఆ తర్వాత నన్ను పట్టించుకున్నవాళ్ళు లేరు. ఆ రీల్లో పన్నెండుకి తొమ్మిది బాగా వచ్చాయి, నా లెక్కలో అది లాటరీ. ప్రింట్లు వేసి తీసుకెళ్ళి ఇచ్చాను కూడా.

దగ్గరి ఫోటోల గురించి ఒక్క మాట మర్చిపోయాను. చూసే లెన్సు పైన, తీసే లెన్సు కింద, మధ్యలో మూడు వేళ్ళ ఎడం. దూరంగా ఉన్నవాటికి తేడా తెలీదు. మీటరు దూరంలో మనిషిని తీస్తే మాత్రం మీరు చూసినదానికంటే కొంచెం కిందనుంచి వస్తుంది, తల పైన తెగుతుంది. తలపైన కాస్త జాగా వదలండి. స్టాండు మీద ఉంటే ఫోకస్ అయ్యాక కెమెరాని ఆ మూడు వేళ్ళంతా పైకి లేపి నొక్కండి, సరిపోతుంది.

పాలకొల్లు బాబాయ్ గారి యాషికా ఏమైందని అడుగుతారేమో. ఇంకా ఆయన బీరువాలోనే ఉంది. ఎంతకిస్తారని మూడుసార్లు అడిగాను. మూడోసారి నన్ను లోపలికి తీసుకెళ్ళి బీరువా తెరిచి చూపించారు. లోపల జీరో బల్బు వెలుగుతోంది. ఇప్పుడది ఎల్ఈడీ బల్బు, దానికి వేడే రాదు. ఆ మాట చెప్పాలంటే నోరు రాలేదు నాకు. మర్నాడు ఒక డబ్బా, అర కిలో సిలికా జెల్ కొని తీసుకెళ్ళి ఇచ్చొచ్చాను.